హాజరుపట్టీలో ఎఱ్ఱగీత

బడి మానిన పిల్లలను గూర్చి ఉపాధ్యాయులము నలుగురము కూడినప్పుడు చెప్పుకొను కారణములు మాకు కంఠస్థములు. తండ్రి త్రాగుబోతు, తల్లికి చదువు విలువ తెలియదు, ఇంట పేదరికము. ఇవి అబద్ధములు కావు. కాని ఆ జాబితాలో మా పేరు ఎన్నడును కనబడదు.

కర్నూలు జిల్లాలో విత్తనపు ప్రత్తి చేలయందు పూవు పూవునకును పుప్పొడి నద్దుటకు ఆడపిల్లలను పనిలో పెట్టుట చాలకాలముగా నున్నది. మా ఏడవ తరగతి బాలిక యొకతె ఆ పనికి పోయి నెలన్నర రాలేదు. హాజరుపట్టీలో ఆమె పేరుపై ఎఱ్ఱసిరాతో గీత గీచితిమి. ఒకనాటి ఉదయమున ఆమె వచ్చి గుమ్మము కడ నిలిచినది. "ఏం పాపా, దారి తప్పి వచ్చినావా?" అంటిమి. తరగతి యంతయు ఘొల్లున నవ్వినది. మరునాడు ఆమె రాలేదు.

2009 నాటి విద్యాహక్కు చట్టము ఎనిమిదవ తరగతి ముగియువరకు ఏ బిడ్డను బడినుండి తొలగింపరాదన్నది. కొట్టరాదనుటయే కాక మానసికముగా వేధింపరాదనియు నన్నది. బెత్తమును విడిచితిమని మేము గర్వపడుచుంటిమి. నాలుక సంగతి తలపునకు రాలేదు.

రంగారెడ్డి జిల్లాలో 1991 మొదలు ఎం.వి. ఫౌండేషన్ వారు పనిలోనున్న పిల్లలను శిబిరములలో చదివించి, వయస్సునకు తగిన తరగతులలో చేర్చిరి. ఆ కృషికి శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారము లభించినది. కూలి డబ్బు పోయినను బిడ్డను బడికి పంప గోరు పేదలు అనేకులని వారి అనుభవము. ఇది మాకు కొంత చేదుగా తోచినమాట నిజము. పేదరికమే సర్వమును కానిచో, మా గుమ్మము కడ ఆ బిడ్డల కెదురైన దేమి?

ఆ సాయంకాలము పాత హాజరుపట్టీలు తీసి, గీతపడిన పేర్లు వేఱుగ వ్రాసికొంటిమి. బడి మానుటకు ముందు ఆ బిడ్డతో చివర మాటాడిన దేమో ఒక్కొక్క పేరున కెదురుగా వ్రాయజూచితిమి. పెక్కు పేర్ల కెదుట ఏమియు వ్రాయలేకపోతిమి. కొందఱి ముఖములే జ్ఞప్తికి రాలేదు. "ఏబదిమంది పిల్లలలో ఎందఱిని చూడగలము?" అని సహోపాధ్యాయుడొక డనెను. అది న్యాయమైన మాటయే. అందుకు మావద్ద పూర్తి సమాధానము లేదు.

ఆదివారమునాడు బాలిక ఇంటికి పోతిమి. మమ్ము జూచి ఆమె తలుపు చాటునకు తొలగినది. తల్లి మాత్రము సూటిగ నన్నది: "ఎగతాళి చెయ్యనంటే పంపుతా సారూ."

ఇప్పుడామె రెండవ బల్లపై కూర్చుండుచున్నది. భిన్నములు వెనుకబడినవి, బడి విడిచిన పిదప అరగంట చెప్పుచున్నాము.