కనిష్ఠ టెండరు – న్యాయమైన ధర
(భిలాయి కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



2020 ఏప్రిల్‌లో వెల్లడైన కోవిడ్ ర్యాపిడ్ కిట్ల ఉదంతమును మీ ముందుంచుచున్నాము. భారత వైద్య పరిశోధనా మండలికి 1204, 1200, 844, 600 రూపాయల చొప్పున టెండర్లు వచ్చినవి; కనిష్ఠమని 600కు ఆర్డరిచ్చిరి. దిగుమతి ఖర్చు 245 రూపాయలేనని వర్తకుల తగాదాలో ఢిల్లీ హైకోర్టు ముందు బయటపడినది. 400కు మించరాదని కోర్టు తీర్పిచ్చినది. నాణ్యత లోపించుటచే మండలి ఆర్డరును రద్దు చేసినది; పైకము చెల్లించలేదు. అదే నెలలో మన ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము కొరియా సంస్థ కిట్లను, పన్నుగాక, 337 రూపాయలకే కుదుర్చుకొన్నది.

ధనము దక్కినది, కాలము దక్కలేదు. అక్కడ కనిష్ఠ ధరలో లాభము దాగినది. ఇక్కడ కాంట్రాక్టరు తగ్గించిన ధర మన కూలిలో కోతయగుచున్నది. కావున ఖర్చుల లెక్క, నాణ్యతా పరీక్ష ఆర్డరుకు ముందే ప్రజలకు ప్రకటింపవలెనని మనము పట్టుబట్టవలెను.