రెండు ఆందోళనలు

(ప్రకాశం జిల్లాలోని ఒక మండల కేంద్రంలో, నాలుగు పేటల యువకులు, పొదుపు సంఘాల మహిళలు కలిసి వేసవి సెలవుల్లో పెట్టుకున్న సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



మహమ్మారి రోజుల్లో ఆందోళనని ఎలా తట్టుకోవాలి, అందుకు మన జీవన విధానంలో ఏం మార్చుకోవాలి అనేది నాకిచ్చిన అంశం. కరోనా వచ్చి ఇన్నేళ్ళయింది గదా, ఇప్పుడెందుకీ గోల అని ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించిన మాట నిజమే. రోగం తగ్గింది. కానీ ఆ రోజుల్లో పట్టుకున్న దడ మన పేటల్లో చాలామందిని ఇంకా వదల్లేదు. పైగా ఇదే ఆఖరి మహమ్మారి అని ఎవరూ మనకి పూచీ రాసివ్వలేదు. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వితే ఏం లాభం? ఇప్పుడే మాట్లాడుకోవాలి.

ముందు ఈ 'ఆందోళన' అనే మాటని చూడండి. మన తెలుగులో దానికి రెండు అర్థాలున్నాయి. గుండెలో దడ పుడితే ఆందోళన అంటాం. కలెక్టరాఫీసు ముందు బైఠాయిస్తే దాన్నీ ఆందోళన అనే అంటాం. మన సంఘాల వాళ్ళకి రెండోది బాగా తెలుసు. మొదటిదాని గురించి ఏ సభలోనూ మాట్లాడుకోం. అది డబ్బున్నోళ్ళ జబ్బు అనుకుంటాం. కూలికి పోయేవాడికి మనసు గురించి ఆలోచించే తీరికెక్కడిది అని నవ్వేస్తాం. ఈ నవ్వు మన ప్రాణం మీదికి తెస్తోంది.

ఆ జబ్బు మన పేటకి ఎలా వస్తుందో చెప్తాను. రాత్రి పదకొండింటికి ఒక తల్లికి గుండె కొట్టుకుంటుంది. చేతులు చెమటలు పడతాయి. ఊపిరి అందదు. చచ్చిపోతానేమో అనిపిస్తుంది. ఆమెని బండి మీద కూచోబెట్టి ఆరెంపీ దగ్గరికి తీసుకుపోతారు. ఆయన గ్యాసు అంటాడు, నీరసం అంటాడు, ఒక సెలైను ఎక్కించి డబ్బులు తీసుకుంటాడు. నాలుగు రోజులకి మళ్ళీ అదే దడ. ఈసారి గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. అది ఆందోళన అనే జబ్బు కావొచ్చని, దానికి పేరుందని, వైద్యముందని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. కరోనా మొదటి ఏడాదిలోనే ప్రపంచంలో ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. ఆ లెక్కలో మనం లేమా? ఉన్నాం. మన సెలైను సీసాలు మాత్రం ఏ లెక్కలోకీ రాలేదు.

మన భయం ఎక్కణ్ణించి వచ్చిందో కూడా చూడాలి. 2020 మార్చి 24న రాత్రి ఎనిమిదింటికి టీవీలో చెప్పారు, పన్నెండు నుంచి దేశం మొత్తం బందు. నాలుగు గంటల వ్యవధి. నెల జీతగాడు ఆ నాలుగు గంటల్లో సరుకులు తెచ్చుకున్నాడు. రోజు కూలీకి మర్నాటి కూలి పోయింది. ములుగు జిల్లా మిరప చేలల్లో పనికొచ్చిన పన్నెండేళ్ళ ఆదివాసీ పిల్ల ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి కాలినడకన బయల్దేరి, మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంక కాస్త దూరం ఉందనగా ప్రాణం వదిలింది. ఆ పిల్లని చంపింది కరోనా కాదు. అలాంటి వార్త విన్న మన తల్లులకి, హైదరాబాదులో మేస్త్రీ పనికి పోయిన కొడుకు గుర్తొస్తే నిద్ర ఎలా పడుతుంది? ఆ నిద్ర పట్టకపోవడానికి కారణం మనసు బలహీనతా?

ఇంకో మాట కూడా అప్పుడే వచ్చింది. 'సామాజిక దూరం' పాటించండి అన్నారు. ఊరికి దూరంగా, బావికి దూరంగా, గుడికి దూరంగా తరతరాలు బతికిన మనకి ఆ మాట చెవిలో పడగానే ఏమనిపించి ఉంటుంది? రోగం అంటకుండా మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉండాలి, అది సైన్సు. ప్రపంచ ఆరోగ్య సంస్థే 2020 మార్చిలో ఆ మాట మార్చి 'భౌతిక దూరం' అందాం, మనుషుల మధ్య సంబంధాలు తెగకూడదు అంది. మన దగ్గర మాత్రం పాత మాటే నిలబడిపోయింది. కొన్నిచోట్ల పాత అలవాటుకి కొత్త సాకు దొరికింది. వీధులూడ్చే మన అన్నలకి, అక్కలకి మెళ్ళో దండలేశారు. చేతికి సరైన తొడుగులు, ముఖానికి మాస్కు అడిగితే రేపు మాపు అన్నారు.

మహమ్మారికి కులం లేదు అనే మాట కూడా చాలాసార్లు విన్నాం. క్రిమికి కులం లేకపోవచ్చు. చావుకి ఉంది. 1918 ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో బొంబాయి నగరం లెక్కలున్నాయి. యూరోపియన్లలో వెయ్యికి ఎనిమిది మంది చొప్పున పోయారు. మిగతా హిందువుల్లో వెయ్యికి పందొమ్మిది మంది. 'తక్కువ కులాలు' అని రాసుకున్న వాళ్ళలో వెయ్యికి 61 మందికి పైగా. ఇరుకు గది, చాలని తిండి, చూసే దిక్కు లేకపోవడం వాళ్ళని చంపాయి. ఈ సంగతి తెలిసినవాడు మనల్ని చూసి 'ఊరికే భయపడుతున్నారు' అనడు. మన భయానికి చరిత్ర ఉంది.

అయితే మిత్రులారా, ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. కారణం బయటుందని చెప్పేసి చేతులు దులుపుకుంటే, ఆ తల్లికి ఈ రాత్రి నిద్ర పట్టదు. టీవీలో డాక్టర్లు చెప్పారు, పొద్దున్నే నడవండి, విడి గదిలో ఉండండి, పళ్ళు తినండి, ప్రశాంతంగా ఉండండి అని. ఒక్క గది ఇంట్లో ఆరుగురు ఉండేవాళ్ళకి ఇది వినబుద్ధి కాదు. కోపం వస్తుంది. కోపం న్యాయమే. కానీ వాళ్ళ మాటల్లో పనికొచ్చేది ఉంటే అది మనదెందుకు కాకూడదు?

బాబాసాహెబ్ ఏం చేశాడో చూడండి. 1927 మార్చిలో మహద్ సభలో ఆయన మనవాళ్ళకి అలవాట్లు మార్చుకోమని చెప్పాడు. చచ్చిన గొడ్డు మాంసం మానండి, ఎంగిలి మెతుకులకి చెయ్యి చాపొద్దు అన్నాడు. ఆ మాట చెప్పి ఇళ్ళకి పంపలేదు. అదే సభ నుంచి మార్చి 20న జనాన్ని చవుదార్ చెరువుకి నడిపించి నీళ్ళు తాగించాడు. ఒక్క సభలోనే అలవాటూ మారాలన్నాడు, హక్కూ కావాలన్నాడు. నేను ఇవాళ చెప్పేదంతా ఇంతే. అలవాటు మార్చుకుందాం. చెరువు దగ్గరికీ పోదాం.

ముందు అలవాట్లు.

మొదటిది నిద్ర. దడ వచ్చిన మనిషికి నిద్ర మందు లాంటిది. రోజూ ఒకే వేళకి పడుకోవాలి, ఒకే వేళకి లేవాలి. పని లేని రోజైనా సరే. లాక్‌డౌన్‌లో మన కుర్రాళ్ళు రాత్రి మూడింటిదాకా ఫోను చూసి మధ్యాహ్నం దాకా పడుకున్నారు. వాళ్ళలోనే చికాకు, భయం ఎక్కువ చూశాను. సాయంత్రం తర్వాత టీ తగ్గించండి. ఫోను దిండు కింద పెట్టుకోవద్దు.

రెండోది వార్తలు. పొద్దున్నుంచి రాత్రిదాకా టీవీలో శవాల లెక్క వింటే ఎంత గట్టివాడైనా కూలిపోతాడు. రోజుకి రెండుసార్లు, పావుగంట చొప్పున చాలు. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి మాటా నమ్మొద్దు, ఇంకొకరికి పంపొద్దు. పేటలో చదువుకున్న ఇద్దరు పిల్లలకి ఆ పని అప్పజెప్పండి. ఆస్పత్రి వాళ్ళు, ఆరోగ్య శాఖ వాళ్ళు చెప్పింది వాళ్ళు చదివి, పదిమందికీ తేటగా చెప్తారు.

మూడోది ఒళ్ళు. పొద్దున్నుంచి నాట్లేసి వచ్చిన ఆడమనిషికి నడవమని చెప్తే నవ్వుతుంది. ఆమెకి కావాల్సింది విశ్రాంతి. ఇంట్లో మగవాళ్ళు కడవ నీళ్ళు తెచ్చి, అంట్లు తోమితే అదే ఆమెకి వైద్యం. ఇది కూడా జీవన విధానంలో మార్పే, రాసుకోండి. పని ఆగిపోయి ఇంట్లో కూచున్నవాళ్ళ సంగతి వేరు. కష్టానికి అలవాటైన ఒళ్ళు ఊరికే ఉంటే బుర్ర పరుగెడుతుంది. వాళ్ళు రోజుకి అరగంట, చెమట పట్టేలా నడవాలి. మాస్కు కట్టుకుని, ఎడంగా, చెరువుకట్ట మీద నడవొచ్చు.

నాలుగోది ఊపిరి. దడ మొదలైనప్పుడు కూచోండి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి. ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. అయిదు నిమిషాలు చెయ్యండి. వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం తగ్గుతుంది. దీనికి మంత్రం లేదు, గురువు లేడు, రూపాయి ఖర్చు లేదు. మా బళ్ళో పరీక్షల ముందు పిల్లలచేత చేయిస్తాను. ఒక్క హెచ్చరిక. గుండెలో నొప్పి పుట్టి చేతికి, దవడకి పాకితే, ఆయాసం తగ్గకపోతే ఊపిరి లెక్కలు పెట్టుకుంటూ కూచోవద్దు. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

అయిదోది తాగుడు. ఇది చెప్తే కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి. మందు తాగితే ఆ పూటకి భయం తగ్గినట్టుంటుంది. మత్తు దిగాక రెట్టింపవుతుంది, నిద్ర చెడుతుంది. 2020 మేలో ఈ రాష్ట్రంలో మందు షాపులు తెరిచి ధర 75 శాతం పెంచారు. అదే ఏడాది జూలై చివర, మన జిల్లా కురిచేడులోనే శానిటైజరు తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు. మానలేనివాణ్ణి తిట్టి లాభం లేదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానినా ప్రమాదమే, వైద్యం దగ్గరుండాలి. మన పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా పాటలు ఆపించారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అలవాటు మార్పించడం, ఆందోళన చెయ్యడం ఒకటే పనిగా చేసి చూపించిన తల్లులు వాళ్ళు.

ఆఖరిది, అన్నిటికన్నా పెద్దది, మాట. భయాన్ని లోపల దాచుకుంటే అది పెరుగుతుంది. మధ్యాహ్న భోజనం బియ్యం, గుడ్లు ఇవ్వడానికి నేను పేటకి వెళ్ళినప్పుడు ఎనిమిదో తరగతి పిల్లాడు ఒకడు, 'రాత్రిళ్ళు మా నాయన దగ్గితే ఎన్నిసార్లు దగ్గాడో లెక్కపెడుతున్నా సార్' అన్నాడు. ఎన్నాళ్ళ నుంచిరా అంటే నెల నుంచి అన్నాడు. నెల రోజులు ఆ లెక్క వాడి ఒక్కడి బుర్రలో ఉంది. ఇంట్లో చెప్తే తిడతారని భయం. వాళ్ళ నాయన్ని పిలిచి చెప్పాం. ఆయనది బీడీ దగ్గు. పరీక్ష చేయించి, కాయితం తెచ్చి కొడుక్కి చూపించాడు. పిల్లాడు నిద్రపోయాడు. అంత చిన్న పని.

కాబట్టి ప్రతి పదిళ్ళకీ ఒక మనిషిని అనుకోండి. మహమ్మారి వస్తే ఆ మనిషి రోజూ ఆ పదిళ్ళ గడపల్లో నిలబడి, తిన్నారా, పడుకున్నారా, ఎలా ఉన్నారు అని అడగాలి. కారంచేడు దాడి తర్వాత 1985లో మనవాళ్ళు చీరాల శిబిరంలో ఉన్నారు. తమవాళ్ళని నరికిన చోటునుంచి వచ్చిన జనం అది. ఒక్కొక్కళ్ళే ఉండి ఉంటే ఏమైపోయేవాళ్ళో. ఒకచోట వండుకుని, ఒకచోట పడుకుని, ఒకరి ఏడుపు ఒకరు విన్నారు. అక్కడినుంచే ఉద్యమం లేచింది.

ఇంక చెరువు సంగతి.

గంటకోసారి చేతులు కడుక్కోమంటే కుళాయిలో నీళ్ళుండాలి. ప్రతి పేటకీ నీళ్ళు అడుగుదాం. బందు పెడితే ముందుగా కూలీకి డబ్బులు, బియ్యం ఇంటికి రావాలి. ఉపాధి పని, దాని బట్వాడా ఆగకూడదు. చేతిలో నెలకి సరిపడా కూలి ఉంటే సగం దడ అదే పోతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సర్కారు ఆస్పత్రిలో మనసు జబ్బుకి వైద్యం పొందడం ప్రతి మనిషికీ హక్కు. పేదలకి ఉచితం, కార్డు లేకపోయినా సరే. ప్రాణం తీసుకోబోయి బతికిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి గానీ శిక్షించకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. అలాంటప్పుడు జిల్లా ఆస్పత్రిలో మానసిక డాక్టరు ఏ రోజుల్లో ఉంటాడు, మన పీహెచ్‌సీలో ఆ మందులు ఉన్నాయా, లేవా? ఇది అడగడం మన సంఘాల ఎజెండాలోకి రావాలి.

ఒక నంబరు చెప్తాను, ఫోనుల్లో ఎక్కించుకోండి. 14416. టెలి మానస్ అని 2022 అక్టోబరులో పెట్టారు. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. రెండు వారాలైనా దడ తగ్గకపోతే, తిండి, నిద్ర, పని దెబ్బతింటే ఆగొద్దు. చచ్చిపోవాలనిపిస్తే ఒక్క గంట కూడా ఆగొద్దు, ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. ఫోన్ చెయ్యండి, ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ప్రార్థన చేసుకునేవాళ్ళు చేసుకోండి, నేను కాదనను. డాక్టరు దగ్గరికి పోవడం మాత్రం మానొద్దు.

1897లో పూనాలో ప్లేగు వచ్చినప్పుడు సావిత్రీబాయి ఫూలే ఊరి బయట కొడుకు డాక్టరు యశ్వంత్ పెట్టిన వైద్యశాలలో పనిచేసింది. జనం పారిపోతుంటే, ప్లేగు సోకిన మహర్ పిల్లాణ్ణి వీపు మీద మోసుకొచ్చింది. ఆ ప్లేగే సోకి మార్చి 10న చనిపోయింది. ఇప్పుడు మనకి మాస్కుంది, టీకా ఉంది, ఫోనుంది. ప్రాణం పోగొట్టుకోకుండానే సాటి మనిషిని మొయ్యగలం.

ఈ సభ అయిపోగానే ఒక పని చెయ్యండి. మీ పేటకి వెళ్ళి పదిళ్ళకి ఒకరి చొప్పున పేర్లు రాయండి. ఆ కాయితం వెనకవైపు నీళ్ళ కోసం, డాక్టరు కోసం అర్జీ రాయండి. వచ్చే సోమవారం గ్రీవెన్సులో ఇద్దాం. ఆలస్యం చేస్తే గుమ్మం ముందు కూచుందాం. అందాకా వేళకి పడుకోండి.

జై భీమ్.