నావికబంధువు శామ్యూల్ ప్లిమ్‌సాల్
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసము)



విశాఖపట్టణపు రేవునకు గాని, కాకినాడ తీరమునకు గాని పోయినవారు పెద్ద ఓడల ప్రక్కభాగమున ఒక గుర్తును చూచియుందురు. ఒక చిన్న వలయము. దాని నడుమగా అడ్డముగా ఒక గీత. ప్రక్కన నిచ్చెన మెట్లవలె మరికొన్ని గీతలు. తెలియనివారికి అది రంగు వేసినవాడు సరదాకు దిద్దిన బొమ్మవలె తోచును. కాని అది ఆ ఓడకు లక్ష్మణరేఖ. సరకు ఎంత నింపినను నీరు ఆ గీతను దాటి పైకి రాకూడదు. వచ్చినచో ఓడ రేవు విడుచుటకు చట్టము అంగీకరింపదు. ఈ గీతకు ఇంగ్లీషువారు పెట్టిన పేరు ప్లిమ్‌సాల్ గీత. ప్లిమ్‌సాల్ నావికుడు కాడు. ఓడలు నిర్మించినవాడును కాడు. ఆయన బొగ్గు వర్తకుడు. పండ్రెండేండ్లు ఇంగ్లండు పార్లమెంటులో సభ్యుడు. ప్రజలు ఎన్నుకొన్న ఒక ప్రతినిధి ఏమి చేయగలడు, ఒంటరిగా ఏమి చేయలేడు అను రెండు ప్రశ్నలకును ఆయన చరిత్రలో సమాధానమున్నది.

శామ్యూల్ ప్లిమ్‌సాల్ 1824 ఫిబ్రవరి 10వ తేదీన బ్రిస్టలు నగరమున జన్మించెను. బాల్యము గడచిన పిమ్మట షెఫీల్డు పట్టణమున ఒక న్యాయవాది కచేరీలో గుమాస్తాగా పనిచేసెను. తరువాత ఒక సారాయి బట్టీకి నిర్వాహకుడాయెను. 1853లో లండనుకు పోయి బొగ్గు వ్యాపారము ప్రారంభించెను. అది దివాలా తీసెను. చేతిలో చిల్లిగవ్వ లేక, కూలివారు తలదాచుకొను బసలో, వారమునకు ఏడెనిమిది షిల్లింగులతో కాలము గడుపవలసి వచ్చెను. పేదవారు ఎట్లు బ్రతుకుదురో, తమకున్నది చాలకున్నను ప్రక్కవానికి ఎట్లు పెట్టుదురో ఆయన అచ్చట కన్నులార చూచెను. పిదప వ్యాపారము కుదుటబడి ధనవంతుడైనను ఆ బసను ఆయన మరువలేదు. 1865లో డెర్బీ పట్టణమునుండి పార్లమెంటుకు పోటీచేసి ఓడిపోయెను. 1868లో అచ్చటనే లిబరల్ పక్షమున గెలిచెను.

ఆనాటి నావికుల స్థితి ఎట్టిదో కొంచెము తెలిసికొనవలెను. ఎడ్లబండిపై మోయదగినదానికంటె ఎక్కువ ధాన్యము వేసినచో ఇరుసు విరుగును, ఎడ్లు కూలును, బండివాడు దిగి ప్రక్కకు తొలగును. ఓడ అట్లు కాదు. బరువు ఎక్కినకొలది అది నీటిలోనికి దిగును. నీటిపైన మిగిలిన అంచు తగ్గిపోవును. రేవులో నీరు నిలకడగా నున్నంతసేపు ఏమియు తెలియదు. నడిసముద్రమున తుపాను లేచి అలలు తలమీదుగా పడినపుడు, పైకి లేచుటకు కావలసిన తేలికదనము ఓడకు ఉండదు. అప్పుడు దిగి తొలగుటకు చోటు ఎక్కడిది?

ఇట్లు జరుగునని యజమానులకు తెలియదా? తెలియును. కాని వారికి భీమా యుండెను. పాతబడి కుళ్లిన ఓడకు క్రొత్త రంగు పూసి, దాని విలువకు మించి భీమా చేయించినచో, ఓడ ఒడ్డు చేరినను లాభమే, మునిగినను లాభమే. మునిగినప్పుడు నష్టపోవునది నావికుని భార్య, బిడ్డలు. ఇట్టివానిని జనులు శవపేటిక ఓడలని పిలిచిరి. నావికుడు ముందుగా ఒప్పందముపై సంతకము చేయును. తరువాత ఓడను చూచి, ఇది మునుగునని భయపడి ఎక్కనని చెప్పినచో, ఒప్పందము మీరిన నేరమునకు చెరసాలకు పంపుదురు. ఆ విధముగా వందలకొలది నావికులు చెరసాలల పాలైరి. ఒక ప్రక్క సముద్రము, ఒక ప్రక్క చెరసాల. నడుమ నావికునికి మిగిలినది ఏమున్నది?

ఓడల యజమానులందరును దుర్మార్గులనుట న్యాయము కాదు. భారమునకు హద్దు ఉండవలెనని ప్లిమ్‌సాల్ కంటె ముందుగా ఉద్యమించినవాడు జేమ్స్ హాల్ అను ఓడల యజమానియే. న్యాయముగా వర్తకము చేయువానికిగూడ ఇది చిక్కే. ప్రక్కవాడు రెట్టింపు సరకు వేసికొని తక్కువ కేవు పుచ్చుకొనుచుండగా, తాను ఒక్కడు తక్కువ వేసినచో వ్యాపారము పోవును. అందరికి ఒకే గీత ఉన్నగాని మంచివానికి రక్షణ లేదు. చట్టము కావలసినది అందులకే.

1870 మొదలుకొని ప్లిమ్‌సాల్ ఈ విషయమును పార్లమెంటులో లేవనెత్తుచు వచ్చెను. కోరినవి రెండే: ప్రమాదకరమని తోచిన ఓడను ప్రభుత్వోద్యోగి పరీక్షింపవలెను, ప్రతి ఓడకును భారరేఖ ఉండవలెను. కాని సభలో ఓడల యజమానులు పలువురు సభ్యులుగా నుండిరి. ప్రభుత్వము వర్తకములో జోక్యము చేసికొనరాదని మరికొందరు నమ్మియుండిరి. బిల్లులు వచ్చుచుండెను, వెనుకకు పోవుచుండెను.

అప్పుడు ప్లిమ్‌సాల్ సభను దాటి ప్రజలయొద్దకు పోయెను. పోయినది ఒక పుస్తకముతో. 1873లో ఆయన ప్రకటించిన ఆ గ్రంథము పేరు 'మన నావికులు'. ఆయన గ్రంథకర్తగా పేరుపొందినవాడు కాడు. ప్రక్కన కూర్చున్న వానితో మాటలాడునట్లు వ్రాసెను. ఓడలు ఎట్లు కట్టబడుచున్నవో, ఎట్లు అతిభారము వేయబడుచున్నదో, భీమా ఎట్లు జరుగునో విడదీసి చెప్పెను. పత్రముల ప్రతిరూపములను ముద్రించెను. రేవు పట్టణములలో భర్తలను పోగొట్టుకొన్న స్త్రీల ఇండ్లకు పోయి చూచినదానిని వ్రాసెను. ఓడను ఎన్నడును ఎక్కనివారుగూడ దానిని చదివి కన్నీరు పెట్టిరి. ఊరూర సభలు జరిగెను. ఆయన భార్య ఎలిజా ఈ కార్యమున ఆయనకు కుడిభుజముగా నిలిచెను.

ఆ పుస్తకమున దోషములు లేకపోలేదు. కొన్నియెడల తొందరపడి నిందించెను. అన్ని ఆరోపణలును ఋజువు కాలేదు. కొందరు యజమానులు ఆయనపై కోర్టుకెక్కిరి. ధనము ఖర్చాయెను, మనశ్శాంతి పోయెను. అయినను మూలవిషయమును ఎవరును కాదనలేకపోయిరి. ఆ ఏడే ప్రభుత్వము విచారణకై రాయల్ కమిషన్‌ను నియమింపవలసి వచ్చెను. 1874లో ఆ కమిషన్ అందరికి ఒకే భారరేఖ విధించుటకు సుముఖత చూపలేదు. అదే సంవత్సరమున ప్లిమ్‌సాల్ బిల్లు కేవలము 3 ఓట్ల తేడాతో వీగిపోయెను. మూడు ఓట్లు! సభకు రాక ఇంట కూర్చున్న సభ్యుని విలువ ఎంతటిదో ఆ అంకె చెప్పుచున్నది.

1875లో డిజ్రేలీ ప్రభుత్వము తానే ఒక నౌకా బిల్లును ప్రవేశపెట్టెను. అది బలహీనమైనదే యైనను లేనిదానికంటె మేలని ప్లిమ్‌సాల్ ఊరకుండెను. జూలై 22వ తేదీన ప్రధానమంత్రి డిజ్రేలీ లేచి, వ్యవసాయ కౌళ్ల బిల్లుకు వ్యవధి కావలసియున్నందున నౌకా బిల్లును ఆ ఏటికి విడిచిపెట్టుచున్నామని ప్రకటించెను. వ్యవసాయ బిల్లు అనవసరమైనదని కాదు. కాని ఆ ఏడు విడిచిపెట్టుట యనగా చలికాలపు తుపానులకు మరికొన్ని ఓడలను అప్పగించుటయే. ప్లిమ్‌సాల్ ఆగలేకపోయెను. సభామధ్యమునకు వచ్చి పిడికిలి బిగించి, నావికులను మృత్యువు నోటికి పంపువారిని దుర్మార్గులని నిందించెను. మునిగిన ఓడల పేర్లు చదివి, ఒక సభ్యుని పేరెత్తి, ఆయన వానికి యజమాని యౌనో కాదో అడిగెదనని చెప్పెను. మాటలను ఉపసంహరించుకొనుమని స్పీకరు ఆజ్ఞాపింపగా నిరాకరించి సభనుండి వెడలిపోయెను. మందలింపు తీర్మానముపై చర్చను సభ ఒక వారము వాయిదా వేసెను.

ఆ వారము రోజులలో దేశము మేల్కొనెను. ఆయన ప్రవర్తన సభామర్యాదకు విరుద్ధమని అన్నవారుగూడ, ఆయన చెప్పినది సత్యమేనా అని అడుగసాగిరి. పత్రికలు వ్రాసెను. సభలు జరిగెను. జూలై 29వ తేదీన ప్లిమ్‌సాల్ సభకు వచ్చి, తాను వాడిన పదములకు క్షమాపణ చెప్పెను. కాని తెలిపిన విషయములలో దేనిని వెనుకకు తీసికొనలేదు. మర్యాద తప్పినందుకు క్షమాపణ. సత్యమునకు మాత్రము క్షమాపణ లేదు. ఈ రెంటికిని గల భేదమును ప్రజాజీవితమున ఉన్నవారు గుర్తుంచుకొనదగును.

ప్రభుత్వము ఆగస్టు నెలలోనే తాత్కాలిక చట్టము చేసెను. ప్రమాదకరమైన ఓడలను ఆపు అధికారము దానివలన ఉద్యోగులకు లభించెను. ధాన్యపు సరకు విషయమునను నియమము వచ్చెను. ధాన్యము రాశిగా పోసినచో ఎట్లు జారునో రైతులకు చెప్పనక్కరలేదు. ఓడ ఒరిగినపుడు విడిధాన్యమంతయు ఒక ప్రక్కకు జారి దానిని బోర్లవేయును. అందుచే అందు కొంత భాగమైనను సంచులలో కట్టవలెనని ఏర్పరచిరి. మరుసటి ఏట, 1876లో, శాశ్వత చట్టము వచ్చెను. ప్రతి ఓడపైనను భారరేఖ తప్పనిసరి యాయెను.

విజయము సిద్ధించినదని జనులు సంతోషించిరి. కాని ఆ చట్టములో ఒక కంత యుండెను. గీత ఉండవలెనని చెప్పినదే కాని, ఎక్కడ ఉండవలెనో చెప్పలేదు. దానిని యజమాని ఇష్టమునకే విడిచిరి. ఒక కప్తాను ఆ గీతను పొగగొట్టముపై గీయించెనని ఒక కథ వాడుకలో నున్నది. నవ్వు పుట్టించు కథయే గాని అందులోని నీతి నవ్వదగినది కాదు. దొంగ చేతికే తాళపుచెవి ఇచ్చి తలుపు వేసితిమని సంతోషించినట్లాయెను. గీత స్థానమును చట్టము నిర్ణయించుటకు 1890 వరకు, అనగా మరి 14 సంవత్సరములు పట్టెను.

అప్పటికి ప్లిమ్‌సాల్ సభలో లేడు. 1880లో డెర్బీ ప్రజలు ఆయనను మరల గెలిపించిరి. అదే సమయమున హోంమంత్రిగా నియమితుడైన సర్ విలియం హార్కోర్టు ఆక్స్‌ఫర్డులో ఓడిపోయెను. మంత్రి యగువాడు నావికులకు తనకంటె ఎక్కువ మేలు చేయగలడని తలచి, ప్లిమ్‌సాల్ తన స్థానమును ఆయనకు విడిచిపెట్టెను. తరువాత ఆయన మరల సభలో అడుగు పెట్టలేదు. పదవి పోయినను పని పోలేదు. నావికుల సంఘమునకు తోడ్పడెను. ఓడలలో క్రిక్కిరిసి తరలింపబడు పశువుల బాధను గూర్చి 1890లో ఒక పుస్తకము ప్రకటించెను. 1898 జూన్ 3వ తేదీన ఫోక్‌స్టన్ పట్టణమున కన్నుమూసెను. 1929లో లండనున థేమ్సు నది యొడ్డున ఆయనకు స్మారకము నిలిపినవారు నావికుల సంఘమువారే.

గీత కథ అంతటితో ముగియలేదు. 1906లో నియమములను సడలించి, ఓడలు మరికొంత లోతుగా మునుగునట్లు సరకు వేయుటకు అనుమతించిరి. సంపాదించుకొన్న మేలునుగూడ కాపాడుకొననిచో అది జారిపోవుననుటకు ఇది సాక్ష్యము. 1930లో పలుదేశములు లండనున కూడి అంతర్జాతీయ ఒడంబడిక చేసికొనెను. 1966లో దానిని సవరించి క్రొత్త ఒడంబడిక చేసిరి. 1958లో భారత పార్లమెంటు చేసిన నౌకా చట్టమునందును భారరేఖకు స్థానము కలిగెను. వలయము ప్రక్కనున్న ఇతర గీతల అర్థము గూడ తెలియదగినది. ఉప్పునీటికంటె మంచినీరు తేలిక; చల్లని నీటికంటె వెచ్చని నీరు తేలిక. తేలిక నీటిలో ఓడ ఎక్కువ దిగును. నదీముఖమున సరకు నింపిన ఓడ సముద్రములోనికి పోగానే కొంచెము పైకి లేచును. అందుచే మంచినీటికి ఒక గీత ఏర్పరచిరి. ఉష్ణమండల సముద్రమునకు ఒకటి, వేసవికి ఒకటి, శీతకాలమునకు ఒకటి గూడ ఏర్పరచిరి. ప్లిమ్‌సాల్ ఆవేదనకు శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టి ఇచ్చిన రూపమే ఆ నిచ్చెన.

ఏటి యొడ్డున బ్రతుకు తెలుగువారికి ఇది పరాయి కథ కాదు. పండుగనాడో, సంతనాడో రేవున పడవ క్రిక్కిరిసి, అంచు నీటికి బెత్తెడు ఎత్తున నిలుచుట అందరును ఎరిగినదే. 2017 నవంబరులో విజయవాడ సమీపమున కృష్ణానదిలో అనుమతి లేని పడవ మునిగి ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. చట్టము పుస్తకములో ఉన్నంతమాత్రమున పడవ తేలదు. దానిని అమలుపరచు ఉద్యోగి రేవున ఉండవలెను. నిండిన పడవ ఎక్కనని చెప్పు ధైర్యము ప్రయాణికునకు ఉండవలెను.

ప్లిమ్‌సాల్ ఒంటరిగా సభలో ఉన్నంతకాలము బిల్లులు వీగిపోయెను. ఆయన పుస్తకమును చదివినవారు వెనుక నిలిచినపుడు సభ కదలెను. చదివినవారు లేకున్న ఆ పుస్తకము బీరువాలో మిగిలియుండెడిది. ఆయన కోపము ఒక పూట వింతగా ముగిసియుండెడిది. శాసనసభ్యునకు ఓటు ఇచ్చుటతో ఓటరు పని తీరదు. ఏ విషయమును పట్టుకొన్నాడు, ఏ ఆధారములు చూపినాడు, ఓడిన పిమ్మట ఎన్ని ఏండ్లు దానిని విడువక నిలిచినాడు, చట్టము వచ్చిన తరువాత అందులోని కంతలను వెదకినాడా అని అడుగవలెను. అట్లు అడుగుటకు చదువరులు కావలెను. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమున దీపము వెలిగించి, పత్రికలు పరచి, అట్టి చదువరులను తయారుచేయుచున్న ఈ గ్రంథాలయము చేయుచున్న దేశసేవ అదియే. అది నిరాటంకముగా సాగుగాక.