జార్జి అంటే దున్నేవాడు



పేర్ల గురించి మాట్లాడమన్నారు. అన్ని పేర్లూ నావల్ల కాదు, ఒక్క పేరు పట్టుకుంటాను. జార్జి. మన చర్చీల్లో వినబడే పేరే. ముసలోళ్లకైతే జార్జి రూపాయి గుర్తుంటది, వెండి బిళ్ల మీద కిరీటం పెట్టుకున్న దొర తలకాయ. ఆ బిళ్ల చూసినోళ్లు జార్జి అంటే రాజు పేరే అనుకున్నారు. తప్పేం లేదు. 1714 నుంచి 1952 దాకా ఇంగ్లండును ఏలినోళ్లలో ఆరుగురు జార్జిలే.

కానీ ఈ మాట పుట్టింది కోటలో కాదు, చేలో. గ్రీకు భాషలో 'గే' అంటే భూమి, 'ఎర్గాన్' అంటే పని. రెండూ కలిసి గెయోర్గోస్. మట్టిలో పనిచేసేవాడు. అంటే మన అయ్య, మన అమ్మ.

మరి నాగలి పట్టినోడి పేరు కిరీటం కిందికి ఎట్లా పోయింది? క్రీస్తు శకం 303 ప్రాంతంలో పాలస్తీనాలోని లుద్దలో జార్జి అనే క్రైస్తవ సిపాయిని రోము ప్రభుత్వం చంపించిందని చెబుతారు. ఆయన ఘటసర్పాన్ని చంపాడన్న కథ ఎన్నో వందల ఏళ్ల తర్వాత అల్లింది. యుద్ధాలు చేసే రాజులకు ఆ కథ నచ్చింది. 14వ శతాబ్దంలో మూడో ఎడ్వర్డు రాజు ఆయన్ను తన వీరుల సంఘానికి రక్షకుడిగా పెట్టుకున్నాడు. అయినా ఇంగ్లండు జనం తమ పిల్లలకు ఆ పేరు పెద్దగా పెట్టుకోలేదు. జర్మనీ హనోవరు నుంచి వచ్చి మొదటి జార్జి గద్దెనెక్కాకనే దానికి గిరాకీ. రాజును చూసి జనం పెట్టుకున్నారు. సముద్రం దాటి అమెరికాకూ పోయింది. అక్కడ 1880 నుంచి 1920ల దాకా మగపిల్లలకు ఎక్కువగా పెట్టిన పది పేర్లలో ఇదొకటి. దున్నేవాడన్న అర్థం మాత్రం ఎవరికీ గుర్తులేదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను, కొంచెం చెవి పెట్టండి.

1867లో అమెరికాలో జార్జి పుల్‌మన్ అనే షావుకారు పడక రైలు పెట్టెల కంపెనీ పెట్టాడు. బానిసత్వం రద్దయి అప్పటికి రెండేళ్లు. ఆ పెట్టెల్లో పనికి నల్లవాళ్లను తీసుకున్నాడు, మొదట్లో చానామంది నిన్నమొన్నటి దాకా బానిసలుగా ఉన్నోళ్లే. వాళ్లను పోర్టర్లు అనేవాళ్లు. మన స్టేషన్లో మూటలు మోసే ఎర్రచొక్కా కూలన్న లాంటివాడు కాదు. రైలెంట పోతూ పక్కలు పరవాలి, బూట్లు తుడవాలి, రాత్రంతా మేలుకోవాలి. నెలకు 400 గంటల దాకా పని. బూట్ పాలిష్ డబ్బా కూడా సొంత డబ్బుతో కొనుక్కోవాలి. జీతం చాలక తెల్లోళ్లు ఇచ్చే చిల్లర మీద బతుకు.

ఆ పోర్టరు పేరు జాన్ కావచ్చు, ఎడ్గరు కావచ్చు. రైలెక్కిన తెల్లోడికి అదేం పట్టదు. "జార్జీ, నీళ్లు తే! జార్జీ, మూట దించు!" ఎందుకు జార్జి? కంపెనీ యజమాని జార్జి కాబట్టి. బానిసను యజమాని పేరుతో పిలిచే పాత అలవాటు రైలెక్కింది. యాభై ఏళ్లున్న మనిషిని పదేళ్ల పిల్లోడు జార్జీ అంటాడు. పలకకపోతే చిల్లర రాలదు.

ఇది మనకు కొత్తా? అయ్య వెంకటయ్య అని పెడితే దొర నోట్లో ఎంకిగాడు. మనుధర్మంలో రెండో అధ్యాయంలోనే రాసి పెట్టారు: బ్రాహ్మడి పేరు మంగళంగా ఉండాలట, శూద్రుడి పేరు ఏవగింపు పుట్టేలా ఉండాలట. ఇంక మనకు ఆ లెక్కలోనే చోటు లేదు.

ఇందులో ఒక వింత కూడా ఉంది. జార్జి పేరున్న కొందరు తెల్లోళ్లు 1914లో, పోర్టర్లను జార్జి అని పిలవొద్దని ఒక సంఘం పెట్టారు. పోర్టర్ల బాధ చూసి కాదు. మా పేరుతో నౌకర్లను పిలుస్తారా అని, సగం వేళాకోళంగా.

పోర్టర్లు 1925లో న్యూయార్కులో సొంత సంఘం పెట్టుకున్నారు. నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్. ఆయన పోర్టరు కాదు, పత్రిక నడిపేవాడు. కంపెనీ జీతగాడు కాదు గనక కంపెనీ ఆయన్ను తీసేయలేకపోయింది. మరి ఆయన తిండి? భార్య లూసిల్ జుట్టు అలంకరణ దుకాణం నడిపి ఇంటికీ, ఆయన ఉద్యమానికీ డబ్బు తెచ్చింది. (ఇట్లాంటి ఆడవాళ్ల పేర్లు మన సభల్లో ఎప్పుడు చెప్పుకుంటాం?) కంపెనీ వేగులను పెట్టింది, సంఘంలో చేరినోళ్లను పనిలోంచి తీసింది. పన్నెండేళ్లు పట్టింది. 1937లో కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టింది. నెలకు 240 గంటల పని, జీతం పెంపు.

ఇంకొక పని చేశారు పోర్టర్లు. చికాగోలో నల్లవాళ్లు నడిపే 'డిఫెండర్' పత్రిక కట్టలను రైల్లో దక్షిణాది ఊళ్లకు చేరవేశారు. అక్కడ ఒకడు చదివితే పదిమంది వినేవాళ్లు. మన పత్రిక మోసే తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. 1955లో మాంట్‌గొమరీ ఊళ్లో బస్సులో సీటు ఇవ్వనన్నందుకు రోజా పార్క్స్‌ను పట్టుకుపోతే, పూచీపడి విడిపించినోళ్లలో ఒకరు పుల్‌మన్ పోర్టరు, ఇ.డి. నిక్సన్. అమ్మానాయనా పెట్టిన పేరు ఎడ్గరు. రైలు లెక్కన ఆయనా ఒక జార్జే.

నిజంగా జార్జి అని పేరున్న నల్లవాడు ఒకాయన ఉన్నాడు, జార్జి వాషింగ్టన్ కార్వర్. బానిసగా పుట్టాడు. పసిగుడ్డుగా ఉన్నప్పుడే తల్లినీ బిడ్డనూ దొంగలెత్తుకుపోతే తల్లి మళ్లీ దొరకలేదు. కార్వర్ అన్నది యజమాని ఇంటిపేరు. చదువుకుని 1896లో టస్కేగీలో పంతులయ్యాడు. పత్తి వేసీ వేసీ సారం పోయిన నేలలో వేరుశనగ వేయండి, అలసందలు వేయండి అని పేద నల్ల రైతులకు చెప్పాడు. 1906 నుంచి ఆ పాఠాలు బండికెక్కి ఊరూరా తిరిగాయి. గ్రీకువాడు పెట్టిన పేరు అర్థం సరిపోయింది ఈయనకే. రూపాయి బిళ్ల మీది జార్జి ఏనాడూ నాగలి పట్టలేదు.

సభ్యత్వ పుస్తకాలు ఇవ్వాళే పంచుతున్నాం. రాసేటోళ్లకు ఒక్క మాట. "నిన్ను ఊళ్లో ఏమంటరు?" అని అడగొద్దు. "నీ పేరేందమ్మా, నీ పేరేందయ్యా?" అని అడగండి. చదువురాని వాళ్లకు రాసింది చదివి వినిపించి, అవునన్నాకే వేలిముద్ర వేయించండి. పుస్తకాలు ఆ గోడ పక్క బల్ల మీద ఉన్నాయి.