పశువుల దురద, ఆయాసం, గురక: సూది వేయించే ముందు



పాకలో ఎద్దు గురక పెట్టినా, గేదె దగ్గినా, ఆవు కొబ్బరి మొదలుకు ఒళ్ళు రాచుకొన్నా ఈ రోజుల్లో మన నోట వచ్చే మాట ఒకటే: “ఏదో పడలేదు. ఎలర్జీ సూది ఒకటి వేయించండి.” సూది పడుతుంది. సాయంత్రానికి పశువు తేరుకొన్నట్లు కనబడుతుంది. వారం తిరక్కుండా మళ్ళీ అదే గురక, అదే రాపిడి, మళ్ళీ సూది. ఇలా మూడు నాలుగు మార్లు అయిన తరువాత పశువును వైద్యశాలకు తోలుకొని వస్తారు. అప్పటికి కొన్నింటిని బాగుచేయవచ్చును. కొన్నింటికి వేళ మించిపోయి ఉంటుంది.

ఎలర్జీ సూది అని మీరనేది ఒక మందు కాదు, రెండు. మొదటిది ఏవిల్ వంటిది. ఒంటికి పడని వస్తువు తగిలినప్పుడు శరీరంలో హిస్టమిన్ అనే పదార్థం విడుదలై దద్దుర్లు, వాపు, దురద పుట్టిస్తుంది. ఏవిల్ దానిని అడ్డగిస్తుంది. రెండవది డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్. ఇది మిక్కిలి బలమైనది. వాపు గాని, దురద గాని, ఆయాసం గాని, ఏ కారణం చేత వచ్చినా అణచివేస్తుంది. దాని గొప్పా అదే, ప్రమాదమూ అదే. రోగక్రిములతో పోరాడే శక్తిని కూడా అది అణచివేస్తుంది గనుక, లోపల జబ్బు ముదురుతున్నా పైకి పశువు బాగున్నట్లే ఉంటుంది. చూడి చివరి నెలలలో ఉన్న పశువుకు వేస్తే ఈసుకుపోవచ్చును, మావి పడక నిలిచిపోవచ్చును. పాలూ తగ్గుతాయి. కాబట్టి ముందుగా తెలుసుకోవలసినది, మన పశువుకు వచ్చినది నిజంగా పడకపోవడమేనా అని.

పడకపోవడం ఎట్లా ఉంటుందో చెప్పడానికి గుర్రాన్ని మించిన ఉదాహరణ లేదు. జట్కాబళ్ళ కాలం పోయిన తరువాత కోనసీమలో గుర్రం అరుదు. పెళ్ళి ఊరేగింపులకో, సరదాకో పెంచేవారెవరైనా ఉంటే ఈ నాలుగు మాటలు వారికి నేరుగా పనికివస్తాయి, తక్కినవారికి పోలికగా పనికివస్తాయి. కొన్ని గుర్రాలకు జూలు వెంట, తోక మొదట భరించరాని దురద పుడుతుంది. వెంట్రుకలు ఊడి, చర్మం మందమై, పుండ్లు పడేవరకు గోడకు రాచుకొంటాయి. దోమకన్న ఎంతో చిన్నవైన ఒకరకం కుట్టే ఈగల ఉమ్మి వాటికి పడకపోవడమే కారణమని 1950వ దశకంలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో జరిగిన పరిశోధనలు చూపినవి. ఒకే పాకలో రెండు గుర్రాలుంటే ఈగలు రెండింటినీ కుడతాయి. గోకుకొనేది ఒకటే కావచ్చును. పడకపోవడమంటే అది.

గుర్రానికి ఉబ్బసం కూడా వస్తుంది. బూజు పట్టిన ఎండుగడ్డి దుమ్మును చాలాకాలం పీల్చిన గుర్రానికి ఊపిరిగొట్టాలు ముడుచుకొని, జిగురు నిండుతుంది. ఊపిరి విడవడానికి పొట్టతో తోయవలసి వస్తుంది. అట్లా తోసి తోసి డొక్క వెంట ఒక గీత తేలుతుంది. దీనికి మందులున్నవి. స్టెరాయిడ్ లోపలి వాపును తగ్గిస్తుంది. క్లెన్‌బ్యుటరాల్ వంటివి ముడుచుకొన్న గొట్టాలను విప్పుతాయి. మనుషులు ఉబ్బసానికి పీల్చే మందును మూతికి తొడుగు తగిలించి గుర్రాల చేత పీల్పించడం కూడా ఉన్నది. ఏవిల్ రకం మందులు మాత్రం గుర్రానికి ఈ రెండు జబ్బులలోనూ అంతగా పనిచేయవు. స్టెరాయిడ్ మోతాదు మించితే గిట్టల లోపల వాపు వచ్చి గుర్రం అడుగు వేయలేక పోవచ్చును. వీటన్నిటికంటె ఎక్కువ మేలు చేసేది మేత మార్చడం: దుమ్ములేని గడ్డి, వేసే ముందు బాగా తడిపిన గడ్డి, వీలయినంతసేపు ఆరుబయట ఉంచడం. బూజు దుమ్ము పీలుస్తూనే ఉన్న గుర్రానికి మందు పోయడం చిల్లికుండలో నీరు పోయడమే.

ఈ పోలిక మన పశువులకు ఎంతవరకు చెల్లుతుంది? కొంతవరకే. నిజమైన ఎలర్జీ ఆవులలో, గేదెలలో లేకపోలేదు. పెన్సిలిన్ వంటి సూది పడక నిమిషాలలో కనురెప్పలు, మూతి వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక కూలబడిన పశువుకు ఎడ్రినలిన్ వెంటనే వేయవలెను. ఏవిల్, స్టెరాయిడ్ దాని తరువాతి మందులు. సూది వేయించిన తరువాత అరగంటసేపు పశువును కనిపెట్టి ఉండమని చెప్పేది ఇందుకే. ఇంకొక సంగతి వింటే మీకు వింతగా ఉంటుంది. జెర్సీ జాతి ఆవుకు తన పాలే తనకు పడకపోవచ్చును! వట్టిపోనిచ్చేటప్పుడు పిండడం ఆపితే పొదుగు బిగిసి, పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు రక్తంలో కలిసి, దద్దుర్లు, ఆయాసం వస్తాయి. పొదుగు పిండివేయడమే దానికి మొదటి మందు, ఏవిల్ రెండవది. జెర్సీ సంకరజాతి ఆవులున్నవారు గుర్తుంచుకోవలెను.

కాని మన పాకలలో గోకుకొనే పశువులలో చాలావాటికి కారణం వేరు. గేదెదూడ అయితే వెంట్రుకలు విడదీసి పేలు ఉన్నవేమో చూడండి. చర్మం మందమై, పొలుసుకట్టి, పక్క పశువుకు కూడా అంటుకొంటున్నదంటే గజ్జి. గజ్జి పాలు పితికేవారి చేతులకు కూడా రావచ్చును. ఎద్దు మూపురం మీద మానని పుండు, దానిని చెట్టుకు రాచి రాచి నెత్తురు తీసుకోవడం కనబడితే అది మూపురం పుండు. స్టెఫనోఫైలేరియా అనే సన్నని పురుగు చర్మంలో చేరడం వలన అది కలుగుతుంది, ఆ పురుగును మోసేవి ఈగలు. వీటిలో ఏ ఒక్కదానికి స్టెరాయిడ్ మందు కాదు. గజ్జికి వేస్తే దురద నాలుగు రోజులు తగ్గి, గజ్జి పురుగులు నిశ్చింతగా పెరుగుతాయి. ఐవర్‌మెక్టిన్ పనిచేస్తుంది. ఒక శాతం మందయితే 50 కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు చొప్పున చర్మం క్రింద వేస్తారు. పాడిపశువుకు వేస్తే ఆ మందు చాలా రోజులు పాలలో దిగుతుంది గనుక వైద్యుని అడగకుండా వేయించరాదు. గుర్రానికయితే ఇదే మందును నోటి ద్వారానే ఇవ్వవలెను, సూదిగా వేయరాదు.

దగ్గు, ఆయాసం విషయంలో గడ్డిమేటును కూడా పరీక్షించవలెను. 1996 నవంబరు 6వ తేదీ తుఫాను చూసినవారికి తడిసిన వరిగడ్డి ఎంత త్వరగా నల్లబడుతుందో చెప్పనక్కరలేదు. బూజుగడ్డిని పాకలో దులపరాదు, పశువులకు వేయరాదు. సాయంత్రం వేపాకు, కొబ్బరి డొక్కలు కాల్చి పొగ వేయడం మంచి అలవాటే, దోమలు చెదురుతాయి. కాని దగ్గే పశువున్న పాకలో నాలుగు పక్కలా మూసి పొగ పెడితే దోమలతోపాటు పశువు కూడా ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఇందాక చెప్పిన చిన్న ఈగలు గాలికి ఎదురు ఎగరలేవు. సందెవేళ ఒక ఫ్యాను తిరిగితే పొగకన్న నయం.

ఇక గురక. చిక్కంతా ఇక్కడ ఉన్నది. మనం రెండు వేరువేరు జబ్బులను గురక వ్యాధి అనే ఒకే పేరుతో పిలుస్తున్నాం. ఒకటి గంటలలో చంపుతుంది. రెండవది నెలల తరబడి పీడిస్తుంది.

గంటలలో చంపేది గొంతువాపు. వానలు పడే రోజులలో, ఎక్కువగా గేదెలకు వస్తుంది. ఒక్కసారిగా జ్వరం 104 డిగ్రీలు దాటుతుంది, చొంగ కారుతుంది, గొంతు క్రింద వేడి వాపు దిగుతుంది, ఊపిరి గురకగా వినబడుతుంది. ఇది పాశ్చురెల్లా అనే సూక్ష్మజీవి వలన వచ్చేది, ఎలర్జీ కానే కాదు. ఒక వానాకాలం నన్ను పిలిచిన ఇంట సాయంత్రం గేదె ఆయాసపడితే ఎలర్జీ సూది వేయించి పడుకొన్నారట. కాస్త నెమ్మదించిందని సంతోషించారు. తెల్లవారి నేను వెళ్ళేసరికి కట్టుకొయ్య దగ్గర పడి ఉన్నది. పూటకు ఆరు లీటర్లిచ్చే గేదె. ఆ ఇంటి ఇల్లాలు నన్ను అడిగిన మాట, “రాత్రే పిలిస్తే బ్రతికేదా, బాబూ?” అని. రాత్రి తొలిజాములో సల్ఫాడిమిడిన్, ఆక్సీటెట్రాసైక్లిన్ వంటి మందు పడితే బ్రతకడానికి అవకాశం ఉండేది. ఆమెకు ఆ మాట చెప్పలేకపోయాను.

జ్వరం చూడటానికి పట్టే సమయం రెండు నిమిషాలు. థర్మామీటరు ఖరీదు ఎలర్జీ సూదికన్న పెద్ద ఎక్కువేమీ కాదు. పశువు మలద్వారంలో ఉంచి చూడటం ఎవరైనా నేర్చుకోవచ్చును. గురకతోపాటు జ్వరమున్నా, గొంతు వాపున్నా తెల్లవారేవరకు ఆగరాదు. దీనికి టీకా ఉన్నది. ఏటా తొలకరికి ముందే వేయించవలెను.

రెండవ గురక ఎద్దులలో, ఆవులలో కనబడేది. జ్వరం ఉండదు, మేత తింటుంది. మొదట ముక్కు కారుతుంది, తరువాత చీమిడిలో నెత్తురు చార కనబడుతుంది. నెలలు గడిచేసరికి ముక్కు లోపల కోసుపువ్వు వంటి కండ పెరిగి గాలికి దారి మూసుకొంటుంది. అరక కట్టిన ఎద్దు రెండు చాళ్ళకే రొప్పుతుంది. దీనికి కారణమైన పురుగును మద్రాసులో ఎం. అనంతనారాయణరావు గారు కనిపెట్టి 1933లో షిస్టోసోమా నసాలె అని పేరు పెట్టారు. మీరెరిగిన కార్జపు జలగకు ఇది చుట్టమే. అది కార్జంలో ఉంటే, ఇది ముక్కులోని రక్తనాళాలలో కాపురముంటుంది.

దాని సంసారం మన కాలువలతో ముడిపడినది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారినది మొదలు కోనసీమకు అన్నం పెట్టిన నీరే, నత్తలకూ ఇల్లయింది. పశువు నీటిలో మూతి పెట్టినప్పుడు చీమిడితో పురుగు గుడ్లు రాలుతాయి. అవి పగిలి పిల్ల బయటపడి, చుట్టలా చుట్టుకొన్న చదునైన గోధుమరంగు నత్తలో చేరి, అక్కడ ఎన్నో రెట్లు పెరిగి మళ్ళీ నీటిలోకి వస్తుంది. నీటిలో నిలబడిన పశువు చర్మాన్ని తొలుచుకొని లోపలికి పోతుంది. మీరు ఆ చెరువులో దిగినప్పుడు కాళ్ళకు చిన్న చిన్న దద్దురులు లేచి దురదపెట్టడం ఎరుగుదురు గదా. ఇటువంటి పురుగుల పిల్లలు దారి తప్పి మనిషి చర్మంలో దూరి, అక్కడే చచ్చిపోవడం వలన కూడా ఆ దురద పుడుతుంది. కాబట్టి చెరువులో దిగితే మీ కాళ్ళు దురదపెడుతూ, మీ ఎద్దు గురక పెడుతూ ఉంటే రెండింటికీ మూలం ఆ చెరువేనేమో చూడవలెను. గేదెలు ఈ పురుగును మోస్తూ కూడా తరచు ఏ లక్షణమూ చూపవు. అందుచేత ఎద్దుకు వైద్యం చేసి గేదెను అదే నీటిలో దింపితే జబ్బు మళ్ళీ తిరిగివస్తుంది.

స్టెరాయిడ్ వేస్తే ముక్కులో వాపు కొంత తీసి గురక తగ్గుతుంది. పురుగు అట్లాగే ఉంటుంది, గుడ్లు పెడుతూనే ఉంటుంది. చీమిడిని సూక్ష్మదర్శినిలో చూస్తే కొడవలిలా వంగిన గుడ్లు కనబడతాయి. కాబట్టి సూదికన్న ముందు ఆ పరీక్ష అడగండి. పాతకాలంలో టార్టార్ ఎమెటిక్ అనే ఆంటిమొని మందును నరంలోకి ఎక్కించేవారు. చుక్క బయట పడితే మెడ వాచి కుళ్ళేది. తరువాత ఆంథియోమలిన్ వచ్చింది. కండలోతుకు, వారానికొకమారు చొప్పున పలుమార్లు వేస్తారు. ప్రాజిక్వాంటెల్ కూడా ఈ జాతి పురుగులను చంపుతుంది, పెద్దపశువుకు ఖర్చు ఎక్కువ. ఏ మందయినా సగంలో ఆపితే ప్రయోజనం లేదు. మొదటి సూదికి గురక తగ్గగానే రెండవదానికి రాని రైతులను చాలామందిని చూశాను.

నత్తల మాట. జట్కా గుర్రాలు పోయినవి గాని చెరువులలో గుర్రపుడెక్క మాత్రం మిగిలింది. దాని ఆకుల అడుగున, వేళ్ళలో నత్తలు పట్టుకొని ఉంటాయి. అది తీసివేస్తే సగం పని అయినట్లే. బాతులు నత్తలను ఇష్టంగా తింటాయి. మైలుతుత్తం నత్తలను చంపుతుంది గాని చేపలనూ చంపుతుంది గనుక చేపలున్న నీటిలో వేయరాదు. పశువులకు బోరునీరు తొట్టిలో పెట్టడం మేలు. చెరువునీరే దిక్కయితే నత్తలు రాకుండా తోడి, రెండు రోజులు నిలవ ఉంచి పెట్టండి. ఆ పురుగు పిల్లలు అంతకాలం బ్రతకవు.

డాక్టరును పిలిచినా, 1962కు ఫోను చేసి సంచార వాహనాన్ని రప్పించినా, జ్వరం ఎంత ఉన్నదో, గురక ఎన్ని రోజులనుండో, గొంతు క్రింద వాపు ఉన్నదో లేదో, చూడి ఎన్నవ నెలో ముందు చెప్పండి. ఇదివరకు వేయించిన సూదుల ఖాళీ సీసాలు పారవేయకుండా ఉంచి ఆయనకు చూపించండి.