కాంగేరులోయలోని చీకటి గుహ

కూనవరమువద్ద గోదావరిలో కలియు శబరికి బస్తరులో కొలాబని పేరు. దాని ఉపనది కాంగేరు. జగదల్‌పూరునకు దక్షిణమున ఈ నది లోయలో 200 చదరపు కిలోమీటర్ల అడవిని 1982లో జాతీయోద్యానముగా ప్రకటించిరి. తీరథ్‌గఢ్ జలపాతము అందరెరిగినదే.

కోటుంసర్ గుహ సంగతి వేరు. ఆ సున్నపురాతి గుహలోని నీటిగుంటలలో తరతరములుగా చీకటిలో బ్రతికిన చిన్నచేపలకు కన్నులు క్షీణించినవి, మేనిరంగు వెలిసినది. వానకారు వరద తెచ్చు ఆకులలములే అచటి జీవులకు ఆహారము. ఆ నెలలలో సందర్శకులకు ప్రవేశము లేదు. కప్పునుండి బొట్టుబొట్టుగా జారు నీరు విడిచిన సున్నము వేలయేండ్లకు స్తంభమగును. చేతిజిడ్డు అంటినచోట ఆ పెరుగుదల చెడును. పిల్లలు ముట్టక మానరు. పెద్దలు వారికేమియు తీసిపోరు! సెలవులలో సకుటుంబముగ వెళ్లువారు లోనికి దిగుటకు ముందే పిల్లలకీ మాట చెప్పవలెను. లోపలి చీకటిలో ఎవరిచేయి ఎచట ఆనినదో కానరాదు.