యంత్రము చెడకముందే కనిపెట్టు వృత్తి
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



పదవ తరగతి ముగిసిన పిదప మా బిడ్డకు ఏది దారి యని మీలో పలువురు మమ్ము అడుగుచున్నారు. తెలుగులో చదివిన బిడ్డకు పెద్ద కర్మాగారములలో చోటు దొరకునా యను సందేహము ఆ ప్రశ్న వెనుక నున్నది. అందుచేత నేడు ఒక వృత్తిని గూర్చి విన్నవింపదలచితిమి. యంత్రము చెడిపోకముందే దాని లోపమును కనిపెట్టుట ఆ వృత్తి. కర్మాగారములలో దీనిని ప్రెడిక్టివ్ మెయింటెనెన్స్ అందురు. మనము ముందుచూపు మరమ్మతు అనుకొందము.

ఈ విద్యకు మూలము మన షోలాపురపు ఇండ్లలోనే కలదు. తెలంగాణ పల్లెలనుండి వచ్చి తరతరములుగా ఇచ్చట నేతపని చేయుచున్న మనవారు మరమగ్గము చప్పుడు మారగానే చెవి యొగ్గుదురు. నాడె దెబ్బలో తేడా వినబడినచో, బట్ట చెడకముందే మగ్గము నాపుదురు. ఆ చెవి చేయు పనినే నేడు పరికరములతో కొలిచి, అంకెలలో వ్రాయుచున్నారు.

మరమ్మతు మూడు విధములు. చెడిన పిమ్మట బాగుచేయుట మొదటిది. చెడినను చెడకున్నను గడువు ప్రకారము భాగములు మార్చుట రెండవది. యంత్రపు స్థితిని ఎప్పటికప్పుడు గమనించుచు, అవసరమైనపుడే విప్పుట మూడవది. గడువు ప్రకారము మార్చినచో చాలునని లోకము చాలకాలము నమ్మినది. అమెరికాలో నౌలన్, హీప్ అనువారు విమాన భాగములను పరిశీలించి 1978లో వెలువరించిన నివేదికలో, వయస్సుతో అరిగి చెడు స్వభావము గలవి నూటికి 11 మాత్రమేయని తేలినది. పైగా, బాగున్న యంత్రమును విప్పి బిగించునపుడు క్రొత్త లోపములు చేరుటయు కలదు.

ఇక పని విధమును చెప్పెదము. నిమిషమునకు 1500 మారులు తిరుగు మోటారు సెకనుకు 25 మారులు తిరుగును. తిరుగు భాగమున బరువు సమముగా లేనిచో కంపనము ముఖ్యముగా ఆ 25 వద్దనే పెరుగును. కలిసిన రెండు ఇరుసులు ఒకే వరుసలో లేనిచో తరచుగా దానికి రెట్టింపు, అనగా 50 వద్ద కనబడును. బేరింగులో పగులు పడినచో, ఆ బేరింగు కొలతలనుబట్టి లెక్కింపదగిన వేరొక సంఖ్య వద్ద తోచును. ఇవిగాక వేడిని చూపు కెమెరాయు, నూనెలోని లోహపు రజను పరీక్షయు కలవు.

మన జిల్లాలోని ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రమున 660 మెగావాట్ల యూనిట్లు రెండు కలవు. అట్టి టర్బైను నిమిషమునకు 3000 మారులు తిరుగును. దాని కంపనమును ఎడతెగక కనిపెట్టి యుండవలయును. చక్కెర మిల్లుల సంగతి మీరెరుగుదురు. గానుగ కాలమున మిల్లు నిలిచినచో, నరికిన చెరకు ఎండి రైతు నష్టపడును. ముందుగా హెచ్చరించువాని విలువ అపుడు తెలియును.

పదవ తరగతి పిమ్మట ఐ.టి.ఐ.లో ఫిట్టరు, ఎలక్ట్రీషియను శిక్షణలు రెండేండ్లవి. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేండ్లు. ఐ.టి.ఐ. ముగించినవారు నిబంధనల ప్రకారము డిప్లొమా రెండవ సంవత్సరమున చేరుటకును అవకాశము కలదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద భృతితో కర్మాగారమున పని నేర్వవచ్చును. కంపన పరీక్షకులకు అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి నాలుగు తరగతుల యోగ్యతా పత్రములు కలవు. మొదటి తరగతికి 30 గంటల శిక్షణయు, 6 నెలల అనుభవమును కోరుదురు. ఆడపిల్లలకు ఇది తగదని తలంపవలదు. ఇందు కండబలముకంటె ఓర్పును, లెక్కయు ముఖ్యము.

కంప్యూటరు చూచినంతనే ఈ విద్య రాదు. బోల్టు బిగింపు, గ్రీజు పాళ్లు, ఇరుసుల కుదురు చేతికి వచ్చిన పిమ్మటనే తెరపైని గీత అర్థమగును. యంత్రము బాగున్ననాటి కొలతను వ్రాసియుంచనివానికి, అది చెడుచున్ననాడు పోల్చుటకు ఆధారముండదు. కావున ఈ వృత్తికి మొదటి పనిముట్టు నోటుపుస్తకము. రెండవది నిజము పలుకు ధైర్యము. ఉత్పత్తి నిలుపుట ఏ యజమానికిని ఇష్టము కాదు. అట్టివానికి ఏ బేరింగు, ఎంత కంపనము, ఎన్నాళ్లుగా పెరుగుచున్నదని ఆధారముతో చెప్పవలయును. ఊరక భయపెట్టువాని మాట రెండు మారులు వ్యర్థమైనచో మూడవమారు వినరు.

భాషను గూర్చి ఒక మాట. భిన్నములు, నిష్పత్తులు, ధ్వని పాఠము తెలుగులో చక్కగా గ్రహించిన బిడ్డకు ఆంగ్ల పదములు తరువాత అలవడును. అర్థము కాని పాఠమును ఏ భాషలో వల్లించినను యంత్రము వద్ద అక్కరకు రాదు. అయినను నివేదికలు, యంత్రపు పుస్తకములు ఆంగ్లమున నుండుటచే దానిని చదువుటయు, వ్రాయుటయు నేర్పుట మా బాధ్యత. తోటి కార్మికులతో మెలగుటకు మరాఠీయు వలయును.

మిమ్ము కోరునవి రెండే. ఇంటి అవసరము చూపి పిల్లలను పదవ తరగతికి ముందే కార్ఖానాకు పంపవలదు. చదువుచున్న వారిచే వారమున కొకమారు, తిరుగు భాగములకు దూరముగా నిలిపి, మీ మగ్గము చప్పుడునందలి మార్పును తేదీతో వ్రాయింపుడు. మీరు చెవితో నేర్చినది వారికి చెప్పుడు. దానిని లెక్కగా మార్చు విద్యను మేము నేర్పెదము.